సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: వృత్తియు, పరీక్షయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గడచిన ఇరువదియైదు ముప్పది యేండ్లలో తెలుగు గ్రామములందు ఒక క్రొత్త మాట వేరూనినది. అది 'సాఫ్ట్‌వేర్' అను మాట. అది పెండ్లిచూపులలో వినబడును. రచ్చబండ మీద వినబడును. పిల్లవాని చదువునకై ఎకరము పొలము తాకట్టు పెట్టు తండ్రి నోటను వినబడును. ఇంతగా వినబడు మాటయే అయినను, ఆ ఉద్యోగి ఉదయము మొదలు సాయంకాలము వరకు ఏమి చేయునో, ఆ ఉద్యోగమునకు మనుష్యులను ఎట్లు ఎంచుకొందురో చెప్పగలవారు అరుదు.

వడ్రంగి పని అందరును చూచుచుందురు. బాడిస ఎట్లు పట్టవలెనో పిల్లలు సైతము చూచి నేర్తురు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పని కంటికి కనబడదు. కనబడని పనిని గూర్చి అపోహలు పుట్టుట సహజము. అది కష్టము లేని సంపాదన యని కొందరు తలతురు. పుట్టుకతో అసాధారణ మేధ కలవారికి, ఆంగ్లము ధారాళముగా మాటలాడువారికి మాత్రమే అది దక్కునని మరికొందరు తలతురు. ఈ రెండును నిజము కావు. మొదటి అపోహ వలన యువకులు మోసపోవుచున్నారు. రెండవ దాని వలన యోగ్యులైనవారు ప్రయత్నింపకయే వెనుదిరుగుచున్నారు. ఈ నష్టము చిన్నది కాదు.

వృత్తి యెట్టిది?

కంప్యూటరు తనంత తానుగా ఏమియు ఎరుగదు. అది చేయవలసిన పనిని వరుసగా, సందేహమునకు తావు లేకుండ వ్రాసి యీయవలెను. ఆ వ్రాతకు ప్రోగ్రామని పేరు. అట్టి వ్రాతలన్నిటిని కలిపి సాఫ్ట్‌వేర్ అందురు. అమెరికా గణాంకవేత్త జాన్ టూకీ 1958లో ప్రకటించిన వ్యాసమున ఈ మాటను ఈ యర్థములో వాడెను. పదేండ్ల పిమ్మట, 1968లో, జర్మనీలోని గార్మిష్ పట్టణమున నాటో ఆధ్వర్యమున ఒక సమావేశము జరిగెను. ప్రోగ్రాములు నానాటికి పెద్దవగుచున్నవి, ఆలస్యమగుచున్నవి, తప్పులతో నిండుచున్నవి. వంతెనలు కట్టువారు లెక్కతోను, క్రమముతోను పనిచేయునట్లే వీనిని గూడ నిర్మింపవలెనని అచ్చట చర్చించిరి. ఆ సమావేశమునకు 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు' అని పేరు పెట్టిరి. ఈ వృత్తి నామమునకు అప్పటినుండియే వ్యాప్తి కలిగినది.

ఒక్కడే చీకటి గదిలో కూర్చుండి రాత్రియంతయు మీటలు నొక్కుచుండునని సినిమాలు చూపును. పెద్ద కంపెనీలో పని అట్లుండదు. అచ్చట ఇంజనీరు క్రొత్తగా వ్రాయుదాని కంటె, ఇతరులు వ్రాసినదానిని చదువుటకే హెచ్చు కాలము పట్టును. ఒక మార్పు చేయవలసి వచ్చినపుడు, మొదట దాని అవసరమేమో తెలిసికొనును. పని పెద్దదైనచో తన ప్రణాళికను కొన్ని పుటలలో వ్రాసి తోడివారికి పంపును. వారు అభ్యంతరములు చెప్పుదురు. ఆ పిమ్మట ప్రోగ్రాము వ్రాయును; అది సరిగా పనిచేయుచున్నదో లేదో తెలుపు పరీక్షలను గూడ తానే వ్రాయును. అది యంతయు ముగిసినను, మరియొక ఇంజనీరు పంక్తి పంక్తియు చదివి సమ్మతించు వరకు ఆ మార్పు కంపెనీ ప్రోగ్రాములో చేరదు. నిన్న చేరిన యువకుని వ్రాతకును, ఇరువదియేండ్ల అనుభవజ్ఞుని వ్రాతకును ఈ నియమము సమానము.

కాలువ నీటికి వంతులున్నట్లు ఈ పనిలో గూడ వంతులు కలవు. కంపెనీ సేవలు పగలు రాత్రి అను భేదము లేక నడువవలెను గనుక, వారమునకు ఒకరు చొప్పున కాపలా యుందురు. అర్ధరాత్రి ఏదేని చెడినచో వారి ఫోను మ్రోగును. వెంటనే లేచి సరిచేయవలెను. పండుగనాడు వంతు వచ్చినను తప్పదు.

ఇంత జాగ్రత్త యెందులకని అడుగవచ్చును. 1996 జూన్ 4వ తేదీన ఐరోపా అంతరిక్ష సంస్థ వారి ఏరియన్-5 రాకెట్టు మొదటిసారి ఎగిరి, సుమారు 40 సెకండ్లలో ఆకాశముననే ముక్కలయ్యెను. ఏరియన్-4 కొరకు వ్రాసిన ప్రోగ్రాము భాగమును ఏరియన్-5లో మరల వాడిరి. అందులో ఒక సంఖ్యను 32,767 కంటె పెద్దది పట్టని చోటులోనికి మార్చు ఏర్పాటు కలదు. పాత రాకెట్టునకు ఆ చోటు చాలినది. క్రొత్తది అంతకంటె వేగముగా పోవునది గావున సంఖ్య పెద్దదై, దిక్కు చూపు యంత్రము నిలిచిపోయెను. చిన్న కుంచములో పుట్టి ధాన్యము పోయబోయినట్లయినది. నాలుగు శాస్త్రీయ ఉపగ్రహములు ఆ రాకెట్టుతో పాటు నశించినవి. పాతదానిలో సరిగా నడిచినది గదా యను నమ్మకమే అచ్చట చేటు తెచ్చెను.

ఇట్టి ప్రమాదములు జరిగినపుడు మంచి కంపెనీలలో ఒక పద్ధతి కలదు. ఎవడు తప్పు చేసెనని గాక, ఏ యేర్పాటు లోపించుట వలన ఆ తప్పు అంతవరకు పోగలిగెనని విచారించి, వివరముగా వ్రాసి అందరికి చదువనిత్తురు. నింద వేసినచో మనుష్యులు తప్పులు దాచుదురు. దాచిన తప్పు మరల జరుగును. ఈ సూత్రము ఏ పంచాయతికైనను, ఏ సహకార సంఘమునకైనను పనికివచ్చును.

ఎంపిక యెట్లు జరుగును?

ఈ ఉద్యోగమునకు దరఖాస్తు చేసినవానిని ముందుగా కంప్యూటరు మీద ఒక పరీక్షతోనో, ఫోనులో ఒక సంభాషణతోనో వడపోయుదురు. అందులో నెగ్గినవానికి పెద్ద కంపెనీలలో నాలుగైదు ఇంటర్వ్యూలు వరుసగా జరుగును. ఒక్కొక్కటి ముప్పాతిక గంట మొదలు గంట వరకు సాగును. పరీక్షించువారు ఎక్కువమంది తామును ఇంజనీర్లే. 2020లో కరోనా వ్యాధి వచ్చిన పిమ్మట వీనిలో చాలభాగము ఇంటినుండియే తెరమీద జరుగుట వాడుకయైనది.

ప్రశ్న యెట్లుండునో ఈ గ్రంథాలయమునకు తగిన ఉదాహరణముతో చెప్పవచ్చును. పరీక్షకుడు ఇట్లడుగును: "వేయి పుస్తకముల పేర్లు గల పట్టిక యున్నది. అందులో ఒక పేరు కలదో లేదో కనుగొను ప్రోగ్రాము వ్రాయుడు."

తొందరపాటు గలవాడు వెంటనే వ్రాయ మొదలిడును. ఆలోచన గలవాడు ముందు ఎదురు ప్రశ్న వేయును: "అయ్యా! పేర్లు అక్షరక్రమమున నున్నవా, లేక వచ్చినవి వచ్చినట్లు వ్రాసినవా?" పరీక్షకుడు కోరునది మొదట ఈ ప్రశ్ననే. క్రమము లేనిచో మొదటి పేరు నుండి చివరి పేరు వరకు చూడక తప్పదు. క్రమమున్నచో నిఘంటువులో మాట వెదకునట్లు నడిమికి తెరువవచ్చును. కావలసిన పేరు ముందు సగములో నుండవలెనో, వెనుక సగములో నుండవలెనో తెలియును. రెండవ సగమును విడిచి, మిగిలినదానిని మరల నడిమికి తెరువవలెను. ఇట్లు చేసినచో వేయి పేర్లకు పదిసార్లు చూచిన చాలును. పది లక్షల పేర్లకు ఇరువదిసార్లు, నూరు కోట్ల పేర్లకు ముప్పదిసార్లు మించి చూడనక్కరలేదు. పట్టిక వేయింతలు పెరిగినను శ్రమ పది చూపులు మాత్రమే పెరుగును. ఈ లెక్కను అభ్యర్థి నోటితో చెప్పగలుగవలెను.

పిమ్మట పరీక్షకుడు చిక్కులు పెట్టును. పట్టికలో ఒక్క పేరును లేనిచో? వెదకు పేరు అందులో లేనే లేనిచో? ఒకే పేరు పదిసార్లున్నచో? తాను వ్రాసినదానిని అభ్యర్థి తానే చిన్న ఉదాహరణముతో నడిపించి చూచి, తప్పున్నచో తానే పట్టుకొనవలెను. తప్పు చేయుట అంత దోషము కాదు. పరీక్షింపకయే సరియైనదని చెప్పుట దోషము.

ఇంత సులభముగా కనబడు ఈ పద్ధతిలో గూడ ఎట్టి తప్పు దాగియుండ గలదో 2006లో జాషువా బ్లాక్ అను ఇంజనీరు వెల్లడించెను. జావా అను ప్రోగ్రాము భాషతో పాటు లోకమంతటికి ఇచ్చిన వెదకు ప్రోగ్రామును వ్రాసినవాడు ఆయనయే. నడిమి స్థానము కనుగొనుటకు మొదటి స్థానమును, చివరి స్థానమును కూడి రెండుతో భాగించుట అందరును చేయు పని. కాని ఆ కూడిక 214 కోట్ల 74 లక్షల 83 వేల 647ను మించినచో, దానికి కేటాయించిన చోటు చాలక సంఖ్య ఋణసంఖ్యగా మారిపోవును. పట్టికలు చిన్నవిగా నున్నంతకాలము ఈ దోషము బయటపడలేదు. సుమారు తొమ్మిదేండ్లు అది ఎవరికిని తెలియకయే యుండెను. తన తప్పును ఆయన తానే పదిమందికి తెలియజేసెను.

అనుభవము గలవారికి మరియొక విధమైన ప్రశ్న వేయుదురు. తత్కాల్ రైలు టిక్కెట్లు విక్రయించు మొదటి నిమిషములో లక్షలమంది ఒక్కసారి వచ్చినచో, ఒకే బెర్తు ఇద్దరికి పోకుండ, ఎవరి డబ్బును మధ్యలో చిక్కుపడకుండ ఏర్పాటు ఎట్లు చేయుదువని అడుగుదురు. దీనికి ఒకే సమాధానము లేదు. ఒక మేలు కోరినచో మరియొక దానిని కొంత వదలుకొనవలెను. ఏది ఎందుకు వదలుకొనెనో చెప్పగలవాడే నెగ్గును. ఇవి గాక, తోటివారితో భేదాభిప్రాయము వచ్చినపుడు ఏమి చేసితివి, పని చెడినపుడు ఏమి నేర్చుకొంటివి అని గూడ విచారింతురు.

పరీక్షించినవారు ఒక్కొక్కరును వేరువేరుగా తమ అభిప్రాయమును వ్రాయుదురు. గూగుల్ కంపెనీలో ఆ వ్రాతలను చదివి, అభ్యర్థిని చూడని ఇంజనీర్ల సంఘము తీర్పు చెప్పు పద్ధతి చిరకాలము నడిచినది. అమెజాన్ కంపెనీలో ఖాళీ యున్న శాఖకు చెందని ఉద్యోగి యొకడు పరీక్షకులలో నుండును. అతడు వలదన్నచో ఆ అభ్యర్థిని తీసికొనరు. తొందరలో ఉన్న శాఖాధిపతి ఎవరినో ఒకరిని చేర్చుకొనకుండుటకు ఈ కట్టుబాటు.

పరీక్షలోని లోపములు

ఈ విధానము లోపరహితమని భావింపరాదు. ఒకప్పుడు మైక్రోసాఫ్టు మున్నగు కంపెనీలలో మురుగు కాలువల మూతలు గుండ్రముగా నేల యుండవలెనను వంటి పొడుపుకథలు అడుగుట పరిపాటి. గూగుల్ కంపెనీలో సిబ్బంది వ్యవహారముల అధిపతిగా నుండిన లాస్లో బాక్, అట్టి చిక్కుప్రశ్నల వలన అభ్యర్థి పనితనమేమియు తెలియదని 2013లో బహిరంగముగా చెప్పెను. అడిగినవానికి తానే తెలివిగలవాడనను తృప్తి కలుగుటయే దాని ఫలమని ఆయన అభిప్రాయము. పది, పదిహేను ఇంటర్వ్యూలు చేయుట గూడ వ్యర్థమని, నాలుగింటితోనే తీర్పునకు కావలసినంత నమ్మకము చిక్కునని ఆ కంపెనీ వారు తమ లెక్కలు తామే పరిశీలించి తెలిసికొనిరి.

యోగ్యుడు తప్పిపోవుటయు కలదు. హోమ్‌బ్రూ అను పనిముట్టును ఎందరో ఇంజనీర్లు నిత్యము వాడుదురు. దానిని మొదట వ్రాసిన మాక్స్ హోవెల్ 2015లో గూగుల్ ఇంటర్వ్యూలో నెగ్గలేదు. ఆ సంగతిని ఆయనయే ప్రకటింపగా ఆ వృత్తిలోని వారి నడుమ పెద్ద చర్చ సాగినది. అయోగ్యుని తీసికొనుట కంటె యోగ్యుని పోగొట్టుకొనుట మేలని కంపెనీలు తలచుటయే ఇందులకు కారణము. కావున ఒకసారి తిరస్కరింపబడిన యువకుడు తాను పనికిరానివాడనని క్రుంగరాదు. కొన్ని మాసములు గడచిన పిమ్మట మరల ప్రయత్నించుటకు చాల కంపెనీలు అవకాశమిచ్చును.

తెలుగు నేలతో సంబంధము గల ఒక వృత్తాంతము ఈ సందర్భమున చెప్పదగియున్నది. 1967లో హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్టు ఉద్యోగమునకై ఇంటర్వ్యూకు పోయెను. సాంకేతిక ప్రశ్నలన్నియు ముగిసిన పిమ్మట రిచర్డ్ టెయిట్ అను అధికారి, వీధిలో పసిబిడ్డ పడి ఏడ్చుచున్నచో ఏమి చేయుదువని అడిగెను. అత్యవసర సహాయమునకై 911 నంబరునకు ఫోను చేయుదునని నాదెళ్ల సమాధానమిచ్చెను. ముందు బిడ్డను ఎత్తుకొనవలెను గదా యని ఆ అధికారి చెప్పెను. 2017లో వెలువడిన 'హిట్ రిఫ్రెష్' అను తన గ్రంథమున నాదెళ్ల ఈ సంగతిని దాచక చెప్పెను. ఆ సమాధానము తప్పినను ఉద్యోగము వచ్చినది. 2014 ఫిబ్రవరి 4వ తేదీన ఆయన ఆ కంపెనీకే ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యెను. లెక్క తెలియుట ఎంత ముఖ్యమో, ఆ లెక్క ఎవరి కొరకో మరువకుండుట అంత ముఖ్యమని ఈ కథ తెలుపుచున్నది.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ వెలసినది. ఆ యేడే మైక్రోసాఫ్టు వారు అచ్చట తమ అభివృద్ధి కేంద్రమును నెలకొల్పిరి. 2019లో అమెజాన్ వారు అదే నగరమున తమ మహాభవనమును ప్రారంభించిరి. ఉద్యోగములు పెరిగినచోట దళారులును పెరుగుదురు. డబ్బు కట్టినచో ఉద్యోగము ఇప్పింతుమని చెప్పువారు గలరు. లేని అనుభవమును కాగితముపై సృష్టించువారు గలరు. ఒకరి ఇంటర్వ్యూకు మరియొకరిని కూర్చుండబెట్టువారు గలరు. పేరుగల కంపెనీ యేదియు అభ్యర్థి వద్ద రుసుము తీసికొని ఉద్యోగమీయదు. అబద్ధపు అనుభవపత్రము విచారణలో బయటపడినచో ఉద్యోగము పోవును, పేరు చెడును. బయటపడకున్నచో అంతకంటె కష్టము: చేతగాని పనిని ప్రతిదినము చేయవలసి వచ్చును. అప్పు చేసి అట్టివారికి ధారపోయుట కంటె ఆ సొమ్ము పొలములో పెట్టుట మేలు.

ఈ ఉద్యోగము శాశ్వతమనియు భ్రమపడరాదు. 2022 నవంబరులో మెటా కంపెనీ 11,000 మందిని, 2023 జనవరిలో మైక్రోసాఫ్టు 10,000 మందిని, గూగుల్ మాతృసంస్థ 12,000 మందిని తొలగింప నిర్ణయించినవి. వ్యాధికాలమున అవసరమునకు మించి చేర్చుకొంటిమని ఆ కంపెనీల పెద్దలలో కొందరు చెప్పిరి. అట్లు పోయినవారిలో సమర్థులు ఎందరో కలరు. కావున జీతము వచ్చుచున్నంతకాలము కొంత నిలువ చేసికొనుటయు, చదువు మానకుండుటయు ఈ వృత్తిలో తప్పనిసరి. ఉద్యోగము పోయిన బిడ్డ ఇంటికి వచ్చినపుడు ఊరివారు పరామర్శింపవలెనే గాని పరిహసింపరాదు. వానలు లేక పంట పోయిన రైతును తప్పుపట్టువారుందురా?

2022 నుండి మాట చెప్పినంతనే ప్రోగ్రాము వ్రాసి యిచ్చు యంత్రములు వాడుకలోనికి వచ్చినవి. ఇంజనీర్లు వానిని నేడు విరివిగా ఉపయోగించుచున్నారు. యంత్రము వ్రాసినదానిలోను తప్పులుండును. వ్రాసినది సరియైనదో కాదో చదివి తేల్చగల నేర్పు, అడుగవలసిన ప్రశ్న ముందుగా అడుగగల నేర్పు ఇందువలన మరింత అవసరమైనవి.

గ్రంథాలయము చేయదగిన పని

తెలుగు మాధ్యమమున చదివిన బాలునికి, బాలికకు ఆంగ్లమనిన భయము. ఇంటర్వ్యూలో కావలసినది అలంకారముల ఆంగ్లము కాదు. ఏమి చేయబోవుచున్నాడో, ఎందుకు చేయుచున్నాడో చిన్న వాక్యములలో చెప్పగలిగిన చాలును. ఆలోచన స్పష్టమైనచో మాట స్పష్టమగును. ఆలోచన మొదట మాతృభాషలోనే స్పష్టపడును.

ఇందులకు గ్రంథాలయము కంటె మంచి చోటు లేదు. ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు, వారమునకు రెండు సాయంకాలములు చాలును. ఒకరు ప్రశ్న వేయవలెను. మరియొకరు బల్ల మీద వ్రాయుచు బిగ్గరగా ఆలోచింపవలెను. మిగిలినవారు తప్పులు పట్టవలెను. మొదట తెలుగులోను, పిమ్మట ఆంగ్లములోను అదే సంగతి చెప్పవలెను. ఐ.ఐ.టీ. ఆచార్యుల పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారాను, 2017లో ప్రారంభమైన 'స్వయం' ద్వారాను ఉచితముగా లభించుచున్నవి. ఒక కంప్యూటరు, ఒక ఇంటర్నెట్టు సంబంధము ఉన్నచో నగరములోని విద్యార్థి వినునది ఈ ఊరి విద్యార్థియు వినవచ్చును. సెలవులకు వచ్చిన ఉద్యోగులు ఒక పూట ఇచ్చట కూర్చుండి పరీక్షకులుగా వ్యవహరించినచో, అది వారు ఊరికిచ్చు మంచి కానుక యగును. ఆడపిల్లలు ఈ సాయంకాలములకు వచ్చునట్లు పెద్దలు శ్రద్ధ వహింపవలెను. రాత్రి ప్రొద్దుపోకుండ ముగించుట, తోడు పంపుట వంటి చిన్న ఏర్పాట్లతో అది సాధ్యమే.

1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగు పెద్దలు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు సంఘరూపము కల్పించినపుడు వారి యాశయము ఒక్కటే: తెలిసికొనగోరువానికి తెలివి దగ్గరకు రావలెను. గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో చదువరి కాలము వృథా కారాదనునది యొకటి. పుస్తకములను క్రమమున అమర్చి, పట్టిక సరిగా వ్రాసి, కోరినది క్షణములో చేతికందించు గ్రంథపాలకుడు చేయు పనియు, పది లక్షల పేర్లలో ఒకదానిని ఇరువది చూపులలో కనుగొను ప్రోగ్రాము వ్రాయు ఇంజనీరు పనియు ఒకే కోవలోనివి. క్రమశిక్షణ గల చదువు రెండింటికిని మూలము.

ఈ గ్రంథాలయపు పట్టికలను నిత్యము చూచుచున్న బాలబాలికలకు ఆ వృత్తి పరాయిది కాదు. వారికి బల్లయు, పుస్తకమును, ఓపికతో వినువారును లభింతురు గాక! రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ స్వర్ణోత్సవము నాటికి అట్టివారిని పెక్కుమందిని తీర్చిదిద్ది, ఊరికి పేరు తెచ్చుచు వర్ధిల్లుగాక!